మర అంటే చెట్టు, మర అంటే యంత్రం

బాగేపల్లి తాలూకాలో ఒక పల్లె బడిని ఊహించుకోండి. ఒకటో తరగతి. నల్లబల్ల మీద టీచరు కన్నడ లిపిలో రెండక్షరాలు రాసింది: మ, ర. ముందు వరుసలో కూర్చున్న పిల్ల తడుముకోకుండా "మర" అని చదివేసింది. టీచరు మెచ్చుకుంది. చదవడమైతే చదివింది గానీ, ఆ పిల్ల కళ్ల ముందు మెదిలింది చెట్టు కాదు. "రాగులు మరకు పట్టించుకొని రాపో" అని అవ్వ ఇంట్లో అంటుంటే విన్న పిల్ల అది. కన్నడంలో మర అంటే చెట్టు. తెలుగులో మర అంటే పిండి పట్టే యంత్రం.

ఆ మాటనే, పిల్లల చదువు వినే యాప్ ఉన్న ట్యాబ్ ముందు చదివి ఉంటే తెర మీద నక్షత్రం మెరిసేది. వినిపించిన ధ్వని తెర మీది అక్షరాలతో సరిపోయింది, దాని లెక్కలో పని అయిపోయింది. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి బడుల్లోకి ఫోను గానీ ట్యాబు గానీ పెద్ద తెర గానీ వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇక్కడే ఉంది. పిల్ల నోరు పలికిందే చాలా, మనసులో ఏ బొమ్మ కనిపించిందో కూడా కావాలా? ఆ బొమ్మను కనుక్కోవడానికి టీచరుకు యంత్రం తోడ్పడగలదని నా నమ్మకం. కాకపోతే పిల్ల ఇంటి భాష ఏమిటో బడి ముందుగా గుర్తించాలి. అది జరగకపోతే ఎంత ఖరీదైన తెర తెచ్చి పెట్టినా పిల్లకు మర చెట్టు కాదు.

చిక్కబళ్లాపురం 2007లో కోలారు నుంచి విడివడి జిల్లా అయింది. ఉత్తరానా తూర్పునా ఆంధ్ర సరిహద్దు. చాలా ఊళ్లలో సంతలో బేరం తెలుగు, పొలంలో కేక తెలుగు, పెళ్లిలో పాట తెలుగు. బస్సు బోర్డు, తాలూకా కచేరీ, బడి పుస్తకం కన్నడం. పెద్దలకు ఇది కష్టంగా తోచదు. రెండు భాషలూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడేస్తారు. చింతామణి పక్కన కైవారంలో జనం తాతయ్య అని పిలుచుకునే యోగి నారేయణ తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పాడు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి ఈ జిల్లాదే, ఇంటిపేరులోని మోక్షగుండం మాత్రం ఆంధ్రలోని ఊరు.

ఆ ఊరిపేర్లనే చూడండి. ఒకే జిల్లాలో ఒకటి బాగేపల్లి, ఇంకొకటి ముద్దేనహళ్లి. పల్లీ హళ్లీ ఒకే మాట. పాత కన్నడంలో మాట మొదట ఉన్న 'ప' కాలక్రమంలో 'హ' అయింది, తెలుగులో అలాగే నిలిచింది. అందుకే మన పాలు వాళ్లకు హాలు, పులి హులి, పాము హావు, పువ్వు హూవు, పండు హణ్ణు, పంది హంది. ఈ ఒక్క కిటుకు పిల్లల చేతికి అందితే ఒక పూటలో పది కన్నడ మాటలు వాళ్లంతట వాళ్లే కనుక్కుంటారు. ఏ యంత్రమూ అక్కర్లేని పాఠం ఇది. తెలుగింటి పిల్లలు కూర్చున్న ప్రతి కన్నడ తరగతిలోనూ దీన్ని ఆటగా ఆడించాలి.

అన్నీ ఇంత సులువుగా దొరకవు. వేషం ఒకటే అయి అర్థం వేరైన మాటలు దారి తప్పిస్తాయి. తెలుగులో ఊట అంటే నేలలోంచి ఊరే నీరు, కన్నడంలో ఊట అంటే భోజనం. మరి అంటే కన్నడంలో మేకపిల్లో కుక్కపిల్లో, మనకు మాట కలిపే మాట. కన్నడంలో హాకు అంటే వేయి, పెట్టు అని. పల్లె నోట హకారం జారి ఆకు అయితే తెలుగు పిల్లకు చెట్టు మీది ఆకు గుర్తొస్తుంది. మర కథా ఇదే.

ఇప్పుడు చదవడం అనే పని లోపల ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూద్దాం. గీతను చూసి ధ్వనిగా మార్చుకోవడం ఒక మెట్టు. ఆ ధ్వనులను కలిపి, నాకు తెలిసిన మాటే ఇది అని గుర్తుపట్టడం రెండో మెట్టు. తెలుగింటి పిల్ల తెలుగు బడిలో చదివితే రెండో మెట్టు దానంతటదే ఎక్కుతుంది. ప, ల కూడబలుక్కొని "పా...లు" అనగానే ముఖం వెలుగుతుంది. మాట ముందే ఇంట్లో ఉంది, లిపి మాత్రమే కొత్త. అదే పిల్ల కన్నడ బడిలో "హా...లు" అని కూడబలుక్కున్నాక ముఖం వెలగకపోవచ్చు. లిపీ కొత్తదే, మాటా కొత్తదే. రెండు మూటలు ఒకేసారి నెత్తిన పెట్టి నడవమంటున్నాం.

లిపి మూట ఒక్కటే చాలా బరువు. హల్లులకు గుణింతాలు కడితేనే రూపాలు నాలుగు వందలు దాటుతాయి, ఆపైన ఒత్తులు. బెంగళూరు పరిశోధకురాలు సోనాలి నాగ్ కన్నడం చదివే పిల్లల మీద చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. అక్షరాలన్నీ పట్టుబడడానికి నాలుగో తరగతి దాకా సమయం పడుతోందని అందులో తేలింది. ఇంగ్లీషులో ఇరవై ఆరు అక్షరాలు నేర్చే పిల్లలతో పోల్చి మన పిల్లలను మందబుద్ధులనుకోవడం ఎంత అన్యాయమో దీన్ని బట్టి తెలుస్తుంది.

కర్ణాటక సర్కారీ బడుల్లో ఒకటి నుంచి మూడో తరగతి దాకా నడిచే నలి-కలి పద్ధతి ఈ బరువును తగ్గించడానికే పుట్టింది. నలియుతా కలి, అంటే ఆడుతూ నేర్చుకో. అ, ఆ, ఇ, ఈ అని వరుసగా వల్లె వేయించరు. ర, గ, స, ద, అ అనే ఐదక్షరాలతో మొదలుపెడతారు. ఈ ఐదుతోనే అరస అంటే రాజు, గరగస అంటే రంపం, దసర అని మాటలు తయారవుతాయి. మొదటి వారాల్లోనే పిల్ల అక్షరాలు కాదు, మాటలు చదువుతుంది. కార్డులు, గుంపులు, గోడ మీద కలికా ఏణి అనే నిచ్చెన. ఎవరి మెట్టు మీద వాళ్లుంటారు.

ఈ పద్ధతికి మూలం ఎక్కడుందో తెలుసుకుంటే తెలుగువాళ్లకు సంతోషం కలుగుతుంది. చింతామణి నుంచి సరిహద్దు దాటి వెళ్తే వచ్చే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఉంది. అక్కడి చుట్టుపక్కల పల్లెబడుల కోసం తెలుగులో తయారైన కార్డుల పద్ధతిని చూసి, 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు తమ బడుల్లో మొదలుపెట్టారు. అదే పెరిగి 2009 తర్వాత రాష్ట్రమంతటి సర్కారీ కన్నడ బడులకూ చేరింది. తెలుగు పిల్లల కోసం పుట్టిన ఆలోచన కన్నడం తొడుక్కొని, ఇప్పుడు బాగేపల్లిలో తెలుగు పిల్లల చేతికి తిరిగొచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఒక్కటి జారిపోయింది: పిల్ల ఇంటి మాట. రిషివ్యాలీ కార్డు మీది బొమ్మనూ మాటనూ పల్లె పిల్ల ముందే ఎరుగును. ఇక్కడి పిల్ల బొమ్మనే ఎరుగును.

జారిపోయినదాన్ని చేతికి అందివ్వడానికే యంత్రం కావాలంటాను.

దీనికి ఒక అద్భుతమైన వెసులుబాటు ఉంది. తెలుగు, కన్నడ లిపులు ఒక్క తల్లి పిల్లలు. చాలాకాలం ఒక్కటిగానే ఉండి, సుమారు ఐదారు వందల ఏళ్ల కిందట వేరు కాపురం పెట్టాయి. ఇప్పటికీ గ, ద, బ, మ, ర, ల వంటివి తలకట్టు తీరులో తప్ప పెద్దగా తేడా లేకుండా ఉంటాయి. క, త, శ వంటివి కొన్ని దూరం జరిగాయి. కంప్యూటరు లోపల ఈ చుట్టరికం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి అక్షరానికీ యంత్రం ఒక సంఖ్య ఇస్తుంది. యూనికోడ్ అనే ఆ ప్రపంచ పట్టికలో తెలుగు పక్క ఇల్లే కన్నడం. తెలుగు 'క' సంఖ్య 3093. దానికి 128 కలపండి, 3221 వస్తుంది. అది కన్నడ 'క'. ఏవో కొన్ని అక్షరాలు మినహా అన్నింటికీ ఇదే లెక్క. అక్షరముఖ వంటి ఉచిత పరికరాల్లో తెలుగు వాక్యం పెడితే కన్నడ లిపిలో రెప్పపాటులో బయటికొస్తుంది. భాష తెలుగే, లిపి కన్నడం.

ఇందులో కొత్తేమీ లేదు. కర్ణాటకలో సంగీతం నేర్చుకునేవాళ్లు త్యాగరాజ కీర్తనలను తరతరాలుగా కన్నడ లిపిలోనే చదువుకుంటున్నారు. పెద్దవాళ్లకు చెల్లిన పద్ధతి ఆరేళ్ల పిల్లకు ఎందుకు చెల్లదు? ఒకటో తరగతిలో కొన్ని వారాలపాటు కన్నడ లిపిలో "పాలు", "అవ్వ", "మామ", "రాగి సంగటి" చదివించి చూడండి. లిపి మూటను ముందు మోయించి, భాష మూటను తర్వాత అందించడం అది. అక్షరం కూడబలుక్కుంటే అర్థం దొరుకుతుందనే నమ్మకం పిల్లకు చిక్కాక, పాలు పక్కనే హాలు పెట్టవచ్చు. దీనివల్ల కన్నడానికి నష్టమని భయపడేవాళ్లు ఉంటారని తెలుసు. పిల్లకు కన్నడ లిపి త్వరగా పట్టుబడడం కన్నడానికి లాభమే అవుతుంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ అంటోంది. మొత్తం బడి భాషనే మార్చాలని నేనడగడం లేదు. మొదటి మెట్టు మీద ఒక చేయి ఇవ్వమంటున్నాను.

ఇక కథల సంగతి. బెంగళూరు ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో స్టోరీవీవర్ అనే కథల వేదిక తెరిచింది. బొమ్మల కథలు చాలా భాషల్లో, ఉచితంగా ఉంటాయి. వాటికి క్రియేటివ్ కామన్స్ అనుమతి ఉంది కాబట్టి, రాసినవారి పేరు చెప్పి మనం అచ్చు వేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు. అవే బొమ్మలతో ఒకే కథ తెలుగులోనూ కన్నడంలోనూ దొరికితే మన తరగతికి అంతకంటే ఏం కావాలి! సోమవారం కథను తెలుగులో చెప్పించుకొని, బొమ్మల మీద కబుర్లాడించి, మంగళవారం అదే కథను కన్నడంలో తెరిస్తే పిల్లలు అర్థాన్ని వెంటబెట్టుకొనే పేజీలోకి వస్తారు. మర దగ్గర చెట్టు బొమ్మ ఉంటుంది. పిండిమర గుర్తొచ్చిన పిల్ల నవ్వుకొని సర్దుకుంటుంది.

పాట కింద అదే భాషలో అక్షరాలు వేసి, పలుకుతున్న మాట వెలిగేలా చేయడం ఇంకో మంచి పద్ధతి. అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారీ 1996లో ఈ ఆలోచన చేశారు. సినిమా పాట వింటూ అక్షరం చూసేవాళ్లకు చదవడం మెరుగుపడుతుందని ఏళ్ల తరబడి చూపించారు. పెద్ద తెర ఉన్న బడి చేయదగిన తొలి పని ఇదే అనిపిస్తుంది నాకు. కార్టూను పెట్టి పిల్లలను కూర్చోబెట్టడం కంటే, కన్నడ శిశుగీతం కింద కన్నడ అక్షరాలు వెలుగుతుంటే అందరూ గొంతు కలిపి పాడడం వెయ్యి రెట్లు మేలు. పాఠ్యపుస్తకాల్లో నలుపు తెలుపు చదరాల క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి. ఫోను చూపిస్తే 2017లో మొదలైన దీక్ష వేదికలోని పాఠం తెరుచుకుంటుంది. బాగానే ఉంటుంది, కానీ అందులో చాలామటుకు పిల్ల చూసేవే, పిల్ల చదివేవి తక్కువ.

పిల్ల చదువుతుంటే వినే యంత్రాల గురించి మాత్రం వివరంగా చెప్పాలి, మున్ముందు బడులకు ఎక్కువగా వచ్చేవి అవే. ఇవి పనిచేసే తీరు ఇది. తెర మీద ఏ వాక్యముందో యంత్రానికి ముందే తెలుసు. పిల్ల గొంతును చిన్న చిన్న ధ్వని ముక్కలుగా కోసి, వాక్యంలో రావాల్సిన ధ్వనులతో పోల్చి చూస్తుంది. ఈ పోలిక అంతకుముందు దానికి వినిపించిన వేలమంది గొంతుల మీద ఆధారపడుతుంది. ఆ గొంతులు ఎక్కువగా పెద్దవాళ్లవో పట్నంవాళ్లవో అయితే, హాలును "ఆలు" అనే పల్లె పిల్ల పలుకును తప్పు కింద కొట్టేసే ప్రమాదం ఉంది. పిల్ల చదివింది సరిగ్గానే, పలికింది ఊరి యాసలో. యాసకు వేసిన తప్పును పిల్ల తన చదువుకు వేసిన తప్పుగా తీసుకుంటుంది. ఏడేళ్ల వయసులో అది లోతుగా గుచ్చుకుంటుంది.

గూగుల్ సంస్థ 2019లో హిందీ, ఇంగ్లీషుల కోసం బోలో అనే చదివించే యాప్ తెచ్చింది. 2020లో దాన్ని రీడ్ అలాంగ్ అని పేరు మార్చి తొమ్మిది భాషలతో అనేక దేశాలకు విడుదల చేసింది. ఆ తొమ్మిదిలో తెలుగు ఉంది, కన్నడం లేదు. బాగేపల్లి పిల్ల స్థితి చూడండి: బడిలో చదవాల్సిన భాష ఆ యాప్‌కు అప్పుడు రాదు, యాప్‌కు వచ్చిన భాష లిపి పిల్లకు రాదు. రాజధానుల్లో తయారయ్యే పరికరాలు ఒక పిల్లకు ఒకే భాష ఉంటుందని అనుకొని తయారవుతాయి. సరిహద్దు పిల్లకు ఒక్క భాష ఎప్పుడూ చాలదు. దీనికి తోడు మూడో లిపి కూడా వచ్చి చేరింది. 2019-20లో కర్ణాటక ప్రభుత్వం వెయ్యి సర్కారీ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తరగతులు తెరిచింది.

అసలు యంత్రాలతో చదువు మెరుగవుతుందా అని అడిగేవాళ్లది న్యాయమైన ప్రశ్నే. జవాబు యంత్రం ఏమిటన్నదాని కంటే దాన్ని ఎక్కడ పెట్టారన్నదాని మీద ఆధారపడింది. పెరూ దేశంలో పిల్లలకు లక్షల ల్యాప్‌టాప్‌లు పంచారు. 2012లో వచ్చిన అధ్యయనంలో చదవడంలో గానీ లెక్కల్లో గానీ మెరుగు కనబడలేదు. గుజరాత్‌లో లెక్కల పాఠాల కోసం కంప్యూటరు పెట్టినప్పుడు రెండు రకాలుగా చేసి చూశారు. టీచరు పాఠం తీసేసి ఆ వేళలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టిన పిల్లలు వెనకబడ్డారు. టీచరు పాఠం ఉంచి, బడి తర్వాత అదనంగా వాడించిన పిల్లలకు మేలు జరిగింది. ఢిల్లీలో బడి తర్వాత నడిచిన మైండ్‌స్పార్క్ కేంద్రాల మీద 2019లో అచ్చైన అధ్యయనంలో నాలుగున్నర నెలల్లోనే హిందీలోనూ లెక్కల్లోనూ గట్టి ఫలితం కనిపించింది. ఆ పరికరం తరగతి అంకెను చూడలేదు, పిల్ల ఏ మెట్టు మీద ఉందో అక్కడి నుంచి మొదలుపెట్టింది. మన నలి-కలి నిచ్చెన చెప్పేదీ అదే.

ఆ మెట్లు ఎంత కింద ఉన్నాయో కూడా తెలుసుకోవాలి. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని పల్లె సర్కారీ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో 16.3 ఉన్నది ఇంత పెరిగిందని సంతోషించాలి. నలుగురిలో ముగ్గురు ఇంకా బయటే ఉన్నారని బాధపడాలి. అదే నివేదికలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతానికి స్మార్ట్‌ఫోన్ ఉంది. గడిచిన వారంలో దాన్ని చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. ఫోను కొరత కంటే ఫోనుతో ఏం చేయాలో చెప్పేవాళ్ల కొరత ఎక్కువగా ఉన్నట్టుంది.

అందుకే, నన్నడిగితే, ఈ మూడు తాలూకాల బడులకు ఇప్పటికిప్పుడు కావాల్సిన గొప్ప సాంకేతికత టీచరు ఫోనులో ముందే ఉంది. అది గొంతు రికార్డు చేసే మీట. వారానికొకసారి ఒక్కో పిల్ల చేత ఒక్క నిమిషం చదివించి రికార్డు చేయండి. పాతికమంది ఉంటే పాతిక నిమిషాలు. నెల తర్వాత మొదటి వారం గొంతునూ నాలుగో వారం గొంతునూ ఆ పిల్లకే వినిపించండి. మార్కుల కాగితం చెప్పలేనిది పిల్ల చెవికే వినబడుతుంది. టీచరుకూ ఎవరు ఏ ఒత్తు దగ్గర ఆగుతున్నారో, ఎవరికి అక్షరం రాదో, ఎవరికి మాట తెలియదో తేడా తెలుస్తుంది. పిల్లల గొంతులు ఆ ఫోను దాటి పోకూడదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. వాట్సాప్ గుంపులో పెట్టి పోటీ పెట్టడం అస్సలు వద్దు.

ఇదే మీటతో ఇంకో పని ఉంది. శిడ్లఘట్ట వైపు ఇళ్లలో పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేస్తూ, చింతామణి వైపు టమాటా గంపలు సర్దుతూ, అవ్వలు చెప్పే కథలు తెలుగులో ఉన్నాయి. పిల్ల ఫోను పట్టుకొని అవ్వ కథను రికార్డు చేసుకొని వస్తుంది. తరగతిలో అందరూ వింటారు. టీచరు దాన్ని ఐదు చిన్న వాక్యాల్లో ముందు తెలుగు మాటలతో కన్నడ లిపిలో, తర్వాత కన్నడంలో రాస్తుంది. పిల్లలు బొమ్మలు వేస్తారు. నాలుగు కాగితాలు మధ్యలో కుడితే తరగతి గ్రంథాలయానికి ఒక పుస్తకం తయారవుతుంది. గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను పిల్లలకు ఉచితంగా తెరిచిన ఓదువ బెళకు కార్యక్రమం 2020లో మొదలైంది. ఆ అలమరాలో పిల్లలు రాసిన ఇలాంటి పుస్తకానికి ఒక అర ఎందుకు ఇవ్వకూడదు? తెలుగు టీచరు కానక్కర్లేదు, తెలుగు బాగా రాని కన్నడ టీచరైనా పిల్లల సాయంతో ఈ పని చేయగలదు. ఆ ఒక్క గంట పిల్లలే టీచర్లు అవుతారు. తన ఇంటి భాష వేరని సిగ్గుపడే పిల్ల ఆ గంటలో తలెత్తుకుంటుంది.

మళ్లీ మొదటి పిల్ల దగ్గరికి వద్దాం. నల్లబల్ల మీద మ, ర. పిల్ల చదివింది, ఫోను రికార్డు చేసింది. ఇంకో నిమిషం ఫోను పక్కన పెట్టి టీచరు "మర ఎల్లిదె?" అని అడగాలి, చెట్టు ఎక్కడుంది అని. పిల్ల పిండిమిషను ఉన్న వీధి వైపు చేయి చూపిస్తే తరగతంతా నవ్వకముందే టీచరు ఆ మిషను పేరు తెలుగులో చెప్పించుకోవాలి. ఆ తర్వాత పిల్ల చేయి పట్టుకొని బడి వాకిట్లోకి నడిపించుకెళ్లి, చింతచెట్టు మొదలు మీద ఆ చేతిని ఆనించి, "ఇదు మర" అనాలి.